మయుడు కట్టలేదమ్మా

సల్వా, కువైట్
బుధవారం

చిరంజీవి గంగాదేవికి నాయన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ క్షేమం. అక్కడ నువ్వూ మీ అమ్మ తిరుపాలమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ జాబు అన్వర్ బాషా తెచ్చి ఇచ్చాడు. అబ్బాసియాలో శుక్రవారం మేము సత్సంగం చేసుకునేది ఆయన టైలరు షాపు వెనక గదిలోనే. సెలవు ముగించుకుని రాయచోటి నుంచి వచ్చిన రోజే, సంచీ కూడా దించకుండా కవరు నా చేతిలో పెట్టాడు. "సామీ, పాప కండ్లనీళ్ళు పెట్టుకోని ఇచ్చినాది. చదవకుండా పెట్లో ఏస్తివంటే నీ జుబ్బాలు ఇంగ నేను కుట్టను, యాడన్నా కుట్టిచ్చుకో పో" అన్నాడు.

చదివాను తల్లీ, నాలుగుసార్లు. పద్నాలుగు నెలలుగా ఫోనులో నీ గొంతు వినబడగానే పెట్టేస్తున్నవాణ్ణి, కాగితాన్ని మాత్రం పెట్టేయలేకపోయాను. "ఇదే నా ఆఖరి జాబు నాయనా. దీనికీ నువ్వు పలక్కపోతే ఇంక నేను పిలవను" అని రాశావు. పలుకుతున్నాను.

మూడు ప్రశ్నలు అడిగావు. మోకాళ్ళ సంగతి పైనే చెప్పాను. వంట ఎవరు చేస్తున్నారన్నావు, నేనే చేసుకుంటున్నాను. సంగటి మాత్రం మీ అమ్మ చేతికి వచ్చినట్టు రావడం లేదు. "ఆ రోజు నేను నవ్వడం తప్పా?" అని మూడోది అడిగావే, దానికి జవాబు ఒక్క ముక్కలో ఇచ్చేది కాదు. దానికంటే ముందు నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. నేను మాయన్ల దేశం చూసి వచ్చాను.

బాబా, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ తండ్రి, ఎనభై దాటిన పెద్దాయన. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన చక్రాల కుర్చీలో, నేను కుర్చీ వెనక. ఆయన చిన్నకొడుకు కంపెనీ పని మీద మెక్సికోలో ఉంటున్నాడు. కొడుకును చూడందే అన్నం ముట్టనని బాబా మొండికేశాడు. నేను లేకుండా కుర్చీ కదలదు కాబట్టి నాకూ వీసా వేయించారు. బాబా, మేము మామా అని పిలిచే ఆయన కోడలు, వాళ్ళ చిన్నపాప, వెనక నేను. విమానంలో ఆ దేశం పేరు విన్నప్పటి నుంచి నా గుండె డోలు కొట్టినట్టే కొట్టుకుంది. ఎందుకో నీకు తెలుసు. అయినా నా చేత్తో రాసి ఒప్పుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

కిందటేడు సెలవులో మన ఊరి భజన మందిరంలో మయసభ ఘట్టం చెబుతూ నేను గొంతు పెంచాను. పాండవులకు సభ కట్టిన మయుడు అక్కడితో ఆగలేదన్నాను. భూమికి అవతలి పక్కకు పోయి మెట్ల గోపురాలు కట్టాడని, అందుకే ఆ జనానికి మాయన్లని పేరు వచ్చిందని, లేకపోతే ఆ అడవి మనుషులకు అంత విద్య ఎక్కడిదని గర్జించాను. ఆడవాళ్ళ వరసలోంచి నువ్వు ఫక్కున నవ్వి, "ఏం నాయనా, వాళ్ళకు చేతుల్లేవా?" అన్నావు. మందిరమంతా నవ్వింది. నీ ఎం.ఏ. చదువు నా ఏడో తరగతిని నలుగురిలో గోడకుర్చీ వేయించినట్టు అనిపించింది. మరునాడు నీ మొహం చూడకుండానే బస్సెక్కాను.

అందుకే ఆ దేశంలో గోపురం చూడబోయిన పొద్దున నేను యాత్రకు పోయినట్టు పోలేదు, సాక్ష్యం తెచ్చుకోవడానికి పోయాను. నా భారత గ్రంథం ప్లాస్టిక్ కవరులో చుట్టి కుర్చీ సంచీలో పెట్టుకున్నాను. వ్యాను తెల్లారేసరికి వచ్చింది. అన్నీ తిప్పి చూపించే గైడు పేరు ఫ్లోరెన్సియో. పొట్టి మనిషి, మందమైన అరచేతులు, ఎర్ర గొడుగు. ఆ గొడుగు ఎత్తినప్పుడల్లా మేమంతా కోడిపిల్లల్లా వెంట పోవాలి.

ఆ ఊరి పేరుకు నా నోరు తిరగదు, గోపురాన్ని మాత్రం చచ్చేదాకా మరచిపోను. నాలుగు పక్కలా మెట్లు, ఆకాశం ముందు బూడిద రంగు కొండలా నిలబడింది. ఫ్లోరెన్సియో మెట్ల ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. పైనుంచి పిట్ట కూసినట్టు జవాబు వచ్చింది. నేను కొట్టాను, నాకూ కూసింది. నా ఒళ్ళు జలదరించింది గంగాదేవీ. రాయికి గొంతు పెట్టినవాడు ఎంతవాడై ఉండాలి. బాబా "ఖలాస్ నాగీ, ఖలాస్" అని చాలించమనేదాకా కొడుతూనే ఉన్నాను.

ఇదే సమయమని గ్రంథం బయటికి తీశాను. నాది గల్ఫు ఇంగ్లీషు, ఫ్లోరెన్సియోదీ పొట్టకూటి ఇంగ్లీషే, ఇద్దరికీ బాగా కుదిరింది.

"ఇది కట్టినవాడి బొమ్మ నా దగ్గర ఉంది" అన్నాను.

ఆయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. "మీసాలు బాగున్నాయి. ఎవరీయన?"

"మయుడు. దానవ శిల్పి."

"మంచిది. వారానికొకరు చెబుతుంటారు నాకు. పోయిన వారం ఒకాయన చుక్కల్లోంచి దిగినవాళ్ళు కట్టారన్నాడు. అంతకు ముందు ఒకామె సముద్రంలో మునిగిపోయిన దేశం వాళ్ళన్నది. మీవాణ్ణి కూడా వరసలో నిలబడమనండి."

"మరి మీ లెక్కలో ఎవరు కట్టారు?"

"మా తాతలు. నేనూ మాయన్నే. ఇంట్లో మా అమ్మ ఇప్పటికీ ఆ భాషే మాట్లాడుతుంది. మా తాత సున్నం కాల్చి బతికాడు. ఈ రాళ్ళను అతికించింది కూడా అట్లాంటి సున్నమే. ఇనుము లేదు, బండి లేదు, బరువు లాగే పశువు లేదు. ఇదిగో, ఇట్లా." గొడుగు చంకలో పెట్టుకుని, నుదుటికి పట్టీ బిగించినట్టు చూపించి, వీపు మీద రాయి ఉన్నట్టు వంగి నాలుగడుగులు నడిచాడు. తరువాత నిటారుగా నిలబడి, "ఈ గోపురం ఎవరు కట్టారని ఊరూరా అడుగుతారు, మా అమ్మను మాత్రం ఎవరూ అడగరు" అన్నాడు. కోపంగా అనలేదు. అది మరీ తగిలింది.

నాకు జలంధర్ కళ్ళముందు నిలిచాడు. జగిత్యాల మనిషి, ఇక్కడ కడ్డీలు కట్టే పని, సత్సంగంలో ముందు వరస. బస్సులో పోతుంటే ప్రతిసారీ అద్దం మీద వేలు పెట్టి, "సామీ, గా బిల్డింగు సూడు. పద్దెనిమిదో అంతస్తు దాంక సలాకలు నేనే గట్టిన" అంటాడు. ఎండకు ఆయన చేతుల తోలు ఎన్నిసార్లు ఊడిందో నాకు తెలుసు. వెయ్యేళ్ళ తరువాత నాలాంటి నోరు పెద్దవాడు ఒకడు వచ్చి, ఎడారి మనుషులకు ఇంత విద్య ఎక్కడిది, ఇవన్నీ ఏ దానవుడో కట్టాడు అని పీటెక్కి అరిస్తే? పుస్తకం మళ్ళీ చుట్టి సంచీలో పెట్టేశాను.

మధ్యాహ్నం నీటిగుండానికి తీసుకుపోయారు. ఆ నేలంతా సున్నపురాయట, లోపల నీళ్ళు పారి పారి పైకప్పు కూలి బావులు తేలుతాయట. మన దిగుడుబావికి పదింతలు ఊహించుకో. పైన గుండ్రటి కంత, అందులోంచి ఒక్క ధారగా ఎండ, చెట్ల వేళ్ళు జడల్లా నీళ్ళదాకా వేలాడుతున్నాయి. పుణ్యతీర్థమని నేను తలకు ఆముదం పట్టించుకుని సిద్ధమయ్యాను. ఫ్లోరెన్సియో వాసన పట్టి ఆపేశాడు. ఒంటి మీద చుక్క నూనె ఉన్నా లోపలికి పోకూడదట, ముందు గొట్టం కింద కడుక్కోవాలట. "ఇవి మా పెద్దలు మొక్కిన నీళ్ళు" అన్నాడు. ఆ మాటకు నా అంతటివాణ్ణి నేనే నోరు మూసుకుని రెండుసార్లు రుద్దుకున్నాను.

నేనూ ఆయనా చెరోపక్క పట్టి బాబాను మెట్లు దించి, ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళలో పెట్టాము. తేలే చొక్కా వేసుకోమని నాకు ఇచ్చారు. స్నానానికి చొక్కా ఏమిటని పక్కన పెట్టాను. అడుగున గులకరాళ్ళు అద్దంలోలా కనబడుతున్నాయి. మోకాలిలోతే కదా, ముందు దిగి దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుందామని కాలు పెట్టాను.

నలభై అడుగుల లోతట.

నేల అనుకుని నీళ్ళలో అడుగేసిన రారాజు కథ ఇరవై ఏళ్ళుగా చెబుతున్న నోట్లోకి నీళ్ళు పోయాయి. రెండు మునకలు వేశాక ఫ్లోరెన్సియో నా జుట్టు పట్టి లాగాడు. పైకి తేలి చూద్దును కదా, పాప నవ్వుతోంది, మామా కడుపు పట్టుకుని నవ్వుతోంది, బాబా నన్ను చూపిస్తూ "సమక్ కబీర్, సమక్ కబీర్" అంటున్నాడు. పెద్ద చేపట. బాబా భార్య పోయిన రెండేళ్ళలో ఆయన పళ్ళు నేను చూడలేదు.

మొదట నెత్తురు ఉడికింది. గట్టెక్కి గట్టిగా ఏదో అనబోయాను. అప్పుడు నా ప్రవచనమే నా చెంప మీద కొట్టింది. ఒక్క నవ్వు ఓర్చుకోలేక పద్దెనిమిది అక్షౌహిణులను చంపించినవాడని ఆ రాజును నేను ఎన్ని సభల్లో చీల్చలేదు. మరి ఒక్క నవ్వు ఓర్చుకోలేక పద్నాలుగు నెలలు కన్నబిడ్డ గొంతు నొక్కినవాణ్ణి ఏమనాలి? చొక్కా తొడుక్కున్నాను. బాబాకూ తొడిగి మెల్లగా దించాము. ఇద్దరం ఆ ఎండ ధార కింద వెల్లకిలా తేలాము. ఆయన పడిపోయిన చెయ్యి నీళ్ళలో దానంతటదే ఆకులా ఊగింది. దాన్ని చూసి ఆయన మళ్ళీ నవ్వాడు, ఈసారి నేనూ నవ్వాను.

ఇంతదాకా దాచింది ఇప్పుడు చెబుతాను. నువ్వు నన్ను అవమానించావనే నేను అలిగానని మీ అమ్మ అనుకుంటోంది. అది నిజం కాదు. ఆ రోజు మందిరానికి పోయే ముందు, మయుడు ఆ దేశం పోయిన మాట ఎక్కడుందోనని గ్రంథమంతా వెతికాను. లేదు. సభ కట్టినదాకా ఉంది, ఆ పైది నేను ఎవరిదో వీడియోలో విన్నది. లేదని తెలిసే, ఉందని చెప్పాను. జనం నోరు తెరిచి వింటారని చెప్పాను. నువ్వు నవ్వగానే నాకు వచ్చింది కోపం కాదు, భయం. పట్టుబడ్డానని. గ్రంథంలో లేనిది ఉందన్నవాడు గ్రంథానికే ద్రోహి అని పదిమందిని తిట్టిన నోరు ఇది. నువ్వు నవ్వడం తప్పు కాదు తల్లీ. నీ మూడో ప్రశ్నకు ఇదే జవాబు.

పోయిన శుక్రవారం అబ్బాసియాలో ఇదంతా సభలోనే చెప్పేశాను. మొదట జలంధరే నోరు విప్పాడు.

"అంటె సామీ, గన్ని దినాల సంది మాకు ఉత్తదే జెప్పినవా?"

"ఆ ఒక్కటి ఉత్తదే."

"మిగిలినయి?"

"గ్రంథంలో ఉన్నాయి."

"సూపియ్ మరి."

చూపించాను. రెండు గంటలు ఒక్కొక్కటే అడిగాడు, ఒక్కొక్కటే పుట తిప్పి చూపించాను. ఇంకో రెండు దొరకలేదు. అవీ ఒప్పుకున్నాను. ఇంక వీళ్ళు లేచి పోతారనుకున్నాను. జలంధర్ కాళ్ళు చాపుకుని, "మంచిగున్నది సామీ. ఇగ నువ్వు నీళ్లల్ల వడ్డది మల్లొక్కసారి జెప్పు" అన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నారు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "గా నవ్విన పిల్ల చానా చదివిందంటివి గదా. గామెనే జెప్పమను ఒకపారి. గా రాళ్లు మోసినోళ్ల ముచ్చట మాకు ఇనాలని ఉన్నది" అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. వచ్చే శుక్రవారం ఇక్కడ పదకొండు, మీకు ఒంటిగంటన్నర. ఫోను నా పీట మీద పెడతాను. నేను కింద జంపఖానా మీద, జలంధర్ పక్కన కూర్చుంటాను. నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. నాకు చేతకానిది అదే. నడుమ నేను నోరు పెడితే అన్వర్ బాషా కత్తెరతో కూర్చుంటానన్నాడు.

నీకు మనసు రాక ఫోను ఎత్తకపోయినా, విని పెట్టేసినా, నేనేమీ అనుకోను. పద్నాలుగు నెలలు నేను చేసింది అదే కదా. పై శుక్రవారం అదే వేళకు మళ్ళీ చేస్తాను, ఆ పై శుక్రవారమూ చేస్తాను.

ఇట్లు,
నీ నాయన
నాగేంద్రప్రసాద్