నేను దించిన విల్లు

1999 నవంబరు 14

ఈ నోటుబుక్కు కృపావతి ఇచ్చింది. నా కూతురు. అంగన్వాడీ టీచరు. పెద్దల బడిలో నేర్చుకున్న అక్షరాలు మరచిపోకుండా రోజూ ఏదో ఒకటి రాయమంది. ఏం రాయను అంటే మనసులో ఉన్నది రాయి అంది. మనసులో ఉన్నది ఒక్కటే. పదేళ్ల నుంచి ఉంది.

అప్పుడు లక్ష్మీప్రసాద్ అని విశాఖపట్నం నుంచి ఒక ఆర్టిస్టు వచ్చాడు. చైత్రంలో, మా ఇటుకల పండగకి. మగవాళ్లంతా వేటకు పోయే పండగ. తొమ్మిది రోజులు నా ఇంట్లో తిన్నాడు. నేను విల్లు చెక్కుతుంటే గీసుకున్నాడు. పండగ వేటకు నా వెనకే వచ్చాడు. ఆ ఏడు నేను ఒట్టి చేతులతో తిరిగి వచ్చాను. అలా వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. అది ఆచారం. నా మీద మా వదిన చిట్టెమ్మ పోసింది. కుండ నిండా.

ఒట్టి చేతులతో ఎందుకు వచ్చానో చూసినవాడు లక్ష్మీప్రసాద్ ఒక్కడే. మర్నాడు తను చూసింది ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. బొమ్మలు బుక్కులో వేసి పంపుతానన్నాడు. పంపలేదు.

నవంబరు 15

విల్లు వంచితే రాని నొప్పి పెన్సిలు పడితే వస్తోంది.

డిసెంబరు 3

కృపావతి ముంచింగిపుట్టు మీటింగుకు వెళ్లి బస్టాండులో ఒక బొమ్మల బుక్కు కొనుక్కొచ్చింది. నెలకొకటి వస్తుందట. పేరు కొండమెరుపు. అట్ట మీద ఉన్నది నేను.

నేనే. ఎడమ కనుబొమ్మ మీద ఎలుగు గీరిన గాటు కూడా వేశాడు. లోపల లక్ష్మీప్రసాద్ పేరుందని కృపావతి చదివి చూపించింది. వయసు మాత్రం ఇరవై అయిదు చేశాడు. నీలం రంగు బిగుతు బట్టలు వేశాడు. వీపున ఒక దుప్పటి కట్టాడు. ముళ్ల పొదల్లో ఆ దుప్పటితో పది అడుగులు కూడా వేయలేడు. పైగా గాలిలో ఎగురుతాడు. ఎగిరేవాడికి జాడ వెతకడం ఎందుకు.

కానీ చేతులు నావి. నారి వెదురు బద్దతో వేశాడు, నూలుతాడుతో కాదు. నేను చెప్పింది మరచిపోలేదు.

ఒక పేజీలో మూడు బాణాలున్నాయి. ఒక పులికి మూడు బాణాలు దండగ చేశాడని తిట్టాను. కృపావతి నవ్వింది. ఒక్కటే బాణమట. మూడు గడుల్లో మూడుసార్లు గీశాడట, పోతున్నట్టు కనిపించడానికి. మళ్లీ చూశాను. నిజమే. మూడో గడి దాటి పేజీ బయటికి పోతున్నట్టుంది. గట్టివాడే.

ఆఖరి పేజీలో కొండమెరుపు విల్లు లాగి నిలబడ్డాడు. ఎదురుగా ఆడ దుప్పి. ఒక గడి నిండా దాని కన్ను. ఇంకో గడిలో దాని పొట్ట. కింద, తరువాయి వచ్చే నెల.

ఆ పొట్ట నేను చూసిందే.

డిసెంబరు 4

రాస్తున్నాను. ఆ రోజు దుప్పి ఇరవై అడుగుల దూరంలో ఉంది. గురి తప్పే వయసు కాదు నాది. నిండు కడుపుతో ఉంది. లోపలిది కదలడం బయటికి తెలుస్తోంది. విల్లు దించేశాను. అంతే.

ఎవరికీ చెప్పలేదు. ఒట్టి చేతులతో వచ్చిన ప్రతివాడికీ ఒక కథ ఉంటుంది. సాకు చెప్పే సోంబేరి అనిపించుకోను. చూసినవాడు చెప్పాలి. ఇప్పుడు చెబుతున్నాడు, బొమ్మలతో.

డిసెంబరు 19

వదినకు బుక్కు చూపించాను. బుక్కులోనైనా కొడతావేటి మరిదీ, పేడ కలపమంటావా అంది. పదేళ్లుగా ఏటా ఇదే మాట. నువ్వు వచ్చే నెల దాకా ఆగు అన్నాను. డెబ్బై ఏళ్ల ముసిల్దాన్ని, నాను ఆగుతానో నేదో, బేగి సెప్పమను అంది.

ఊళ్లో అందరూ నా మొహం, అట్ట మీద మొహం పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. రోజూ గడ్డం గీసుకుంటున్నాను.

2000 జనవరి 9

బుక్కు వచ్చింది. అరుగు మీద కూర్చుని కృపావతి అందరికీ చదివింది.

కొట్టాడు.

మూడు గడుల్లో బాణం. నాలుగో గడిలో దుప్పి ముందరి కాళ్లు మడత పడ్డాయి. భుజాన వేసుకుని ఊరికి ఎగిరాడు. ఆడవాళ్లు దండలు వేశారు. బొమ్మ మాత్రం చాలా బాగా గీశాడు. అందుకే ఇంకా మండుతోంది.

అందరూ నా వీపు తట్టారు. బుక్కులో గెలిచావన్నారు.

జనవరి 10

అన్నం తినలేదు.

జనవరి 12

లక్ష్మీప్రసాద్‌కు ఉత్తరం రాయమని కృపావతిని కూర్చోబెట్టాను. రాయాలంటే జరిగింది చెప్పాలి. చెప్పాను. నా కూతురికి కూడా ఇదే మొదటిసారి.

వదిన గుమ్మంలో నిలబడి అంతా వినేసింది. మొదటి బుక్కు తెమ్మంది. పొట్ట ఉన్న గడి చూసింది. వేలితో తడిమింది. ఏడుగురిని కన్నది. ఆ దినమే సెప్పలేకపోయినావా మరిదీ అంది. చెబితే నమ్మేదానివా అన్నాను. నమ్మను అంది. నమ్మినా పేడనీళ్లు పోసుందును, ఒట్టి సేతులు ఒట్టి సేతులే అంది.

అదీ మా వదిన. ఆచారం ఆచారమే. అందుకు నాకు కోపం లేదు.

ఉత్తరంలో ఇలా రాయించాను. మీ హీరో కొట్టాడు. నేను కొట్టలేదు. నా మొహం పెట్టి నేను చేయని పని చేయించారు. మార్చండి.

ఫిబ్రవరి 6

కొత్త బుక్కులో కొండమెరుపు పట్నంలో బ్యాంకు దొంగల్ని పడుతున్నాడు. ఉత్తరాల పేజీలో నాది లేదు. దుప్పి దెబ్బ అదిరింది అని అనకాపల్లి నుంచి ఎవరో రాసింది వేశారు.

ఫిబ్రవరి 27

మా ఊరి కుర్రాడు యర్రయ్య నా చేత విల్లు చేయించుకోవడానికి వచ్చాడు. దుప్పిని కొట్టిన విల్లు లాంటిది కావాలన్నాడు. అలాంటిది లేదు, కొట్టని విల్లు ఉంది, కావాలా అన్నాను. అదేటి పెద్దాయనా అన్నాడు. మొత్తం చెప్పాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు. ఆ విల్లే తీసుకుని వెళ్లాడు.

మార్చి 5

ఈ నెల బుక్కులో కూడా ఏమీ లేదు.

మార్చి 12

ఈసారి ఉత్తరం నేనే రాశాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. నాలుగు గడులు గీత గీసి ఇచ్చాను. మొదటి గడిలో విల్లు లాగాలి. రెండో గడిలో దించాలి. మూడో గడిలో దుప్పి పోవాలి, గడి దాటి, ఆ బాణం పోయినట్టే. నాలుగో గడిలో పేడనీళ్లు. పేడనీళ్లు తప్పకుండా వేయాలి. అవి నాకు దండ కంటే ఎక్కువ.

కింద సాక్షి అని రాశాను. వదిన వేలిముద్ర వేసింది. పోసినది నేనే అని దాని పక్కన రాయమంది. రాశాను.

మార్చి 13

పోస్టులో వేశాను. రిజిస్టరు చేయించాను. ఆఖరి ముక్క ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను.

లక్ష్మీప్రసాద్ గారూ, ఏప్రిల్ 16 ఆదివారం మా వేట తిరిగి వచ్చే రోజు. ఆ రోజుకు జవాబు నా చేతిలో ఉండాలి. వదిన పేడ కలిపి ఉంచుతుంది. ఎవరి మీద పోయాలో మీ జవాబు చూసి చెబుతుందట.