కాంట్రాక్టరమ్మ కారు

చిన్నమ్మడూ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ పక్కింటి పిన్నిగారూ కులాసా. అక్కడ నువ్వూ, నీ ఓడా, నువ్వు కంటికి రెప్పలా చూసుకునే ఆ ఇంజన్లూ చల్లగా ఉండాలి. ఓడ ఈసారి ఆగే రేవులో ఈ ఉత్తరం నీ చేతికి అందుతుందని మీ ఆఫీసువాళ్ళు చెప్పారు. అప్పటికి ఇక్కడ పొగమంచు విడిపోతుందేమో. ఇప్పుడు మాత్రం కిటికీ అవతల ఎదురిల్లు లేదు. ఉందని నమ్ముతున్నాను, అంతే.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. మోకాలు చెప్పిన మాట వింటోంది. "నిజంగా పిజ్జాలు మోస్తున్నావా, పిన్నిగారు వేళాకోళానికి రాశారా" అన్నావు. నిజమే. మోసేది కారు, దానికి నేను తోడు.

పెద్ద వీధి మలుపులో ఉన్న పిజ్జా కొట్టువాళ్ళకే. కొట్టావిడ నాకంటే బాగా చిన్నది, మోచేతుల దాకా ఎప్పుడూ పిండే. మీరు మా ఉద్యోగి కాదండీ, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అని మొదటిరోజే చెప్పింది. అంటే కారు నాది, పెట్రోలు నాది, బీమా నాది, కారు మీద గీత పడితే ఆ గీతా నాదే. వేడి తగ్గకుండా ఉంచే సంచి ఒక్కటే వాళ్ళది. వీలున్న రోజు వస్తానంటాను, లేని రోజు రానంటాను. నాకు తెలిసిన కాంట్రాక్టర్లంతా రోడ్లు వేయించేవాళ్ళు, నలగని చొక్కాలవాళ్ళు. మీ నాన్న ఉంటే "కాంట్రాక్టరమ్మగారూ, కాస్త కాఫీ శాంక్షన్ చేస్తారా" అని రోజంతా ఏడిపించేవారు. ఆ మాట పిన్నిగారితో అన్నాను. ఇంకేముంది, వీధి మొత్తానికి కాంట్రాక్టరమ్మనైపోయాను.

ఈ వయసులో ఇదేం అవసరమనీ అడిగావు. ఎలా చెప్పను? మీ నాన్న పోయాక ఏ గదిలో కూర్చున్నా పక్క గదిలో ఎవరో ఉన్నట్టుండేది. లేచి వెళ్ళి చూస్తే నేనే ఉండేదాన్ని. ఆయన కారును ఊరికే వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుందని పిన్నిగారు అంటే, ఎప్పుడో తీసుకున్న లైసెన్సు దులిపి, ఒకరోజు దాన్ని వీధి చివరిదాకా నడిపాను. మర్నాడు ఇంకో వీధి. అలా తిరుగుతుంటే, చేతిలో ఒక చిరునామా, అక్కడ నాకోసం చూసే మనిషి ఉంటే బాగుండుననిపించింది. పిజ్జాకోసం చూసేవాళ్ళయినా సరే.

సాయంత్రాలు నువ్వు చూడాలి. సంచిని పక్కసీట్లో పెట్టి బెల్టు పెడతాను. కారంతా వేడి రొట్టె వాసన. అద్దాలు మసకేస్తాయి. వీధి దీపాలు నీళ్ళలో పసుపు కరిగినట్టు కరుగుతూ దగ్గరికొస్తాయి. టైర్ల చప్పుడు కూడా దూది మీద నడిచినట్టే. ఒడిలో నిద్రపోయే పసిపిల్లను తీసుకెళ్తున్నట్టుంటుంది నాకు. ఆస్పత్రి నుంచి నిన్ను అలాగే తెచ్చాం, గతుకు వచ్చినప్పుడల్లా మీ నాన్న నీకు సారీ చెబుతూ. ఒక తలుపు తెరుచుకుంటే వెనక ఎవరిదో పోట్లాట సగంలో ఆగి ఉంటుంది. ఇంకో తలుపులో తల తుడుచుకుంటూ ఒకావిడ, నన్ను చూసి కాదు, వాసనకు నవ్వుతుంది. నేను వెనక్కి తిరగ్గానే ఆ ఇళ్ళు మళ్ళీ మంచులో కలిసిపోతాయి. నిజంగా వెళ్ళానా అనిపిస్తుంది.

ఇక నువ్వడిగిన ఆఖరి సంగతి. దాన్ని తప్పించుకుంటూ ఊరంతా తిప్పి ఇక్కడిదాకా తెచ్చాను. "నేను వచ్చేదాకా నాన్న సీటు జరపకమ్మా, ఆయన వదిలినట్టే ఉంచు, ఒక్కసారి అందులో కూర్చుంటాను" అని రాశావు. ఆయన పోయినప్పుడు నువ్వు నడిసముద్రంలో ఉన్నావు, కడచూపు దక్కలేదు. ఆ మాట నేనెలా కాదంటాను? నీకోసమే అనీ అనలేను. ఆయన కాళ్ళ పొడుగు ఆ కారులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందుకని వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని, సీటు అంచుకు జరిగి, కాలి కొసతో బ్రేకు అందుకుంటూ నడిపాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న సాయంత్రం మంచు మరీ దట్టంగా ఉంది. వాగు పక్క వీధిలో ఒక ఇంటికి వెళ్ళాలి. గుమ్మాల మీద నంబర్లు కనబడక ఫోన్ చేశాను. ఆ ఇంటి పెద్దాయన, వీధిలోకి వచ్చి నిలబడతాను, గొడుగు చూసి ఆపండి అన్నారు. కాసేపటికి మంచులోంచి పసుపు గొడుగు ఒకటి తేలుతూ వచ్చింది. మనిషి లేడు, గొడుగే. ఎంత బాగుందో అనుకున్నాను, కలలో అనుకున్నట్టు. ఆ తర్వాతే దానికింద మనిషి కనబడ్డారు, కారుకు ఎదురుగా. బ్రేకు తొక్కబోయాను. దిండు జారింది. నా కాలు గాలిని తొక్కింది.

మళ్ళీ తొక్కాను. ఈసారి అందింది.

కారు ఆగేసరికి ఆయన రెండు చేతులూ బానెట్టు మీద ఆనించి నిలబడి ఉన్నారు. గొడుగు ఎటో దొర్లిపోయింది. తల్లీ, ఆయనకేమీ కాలేదు. ఆ మాట ముందే రాయాల్సింది.

నేను బెల్టు విప్పుకుంటున్నాను. ఆయనే ఇంటి చెప్పులతో టపటపా వచ్చి తలుపు తీశారు. తిడతారనుకున్నాను. దిండ్లు చూసి, ఇవేమిటని అడిగారు. అంతే, మీ నాన్న, నువ్వు, ఓడ, సీటు, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. పొరుగు మనిషికి కూడా చెప్పని సంగతి, ముక్కూమొహం తెలియని మనిషికి. ఆయన గొడుగు వెతికి తెచ్చుకుని, దాన్ని మడుస్తూ నెమ్మదిగా విన్నారు.

"మీ ఆయనే పక్కన ఉంటే మిమ్మల్ని ఇలా కూర్చోనిచ్చేవాడా అమ్మా?" అన్నారు.

"కూర్చోనివ్వరు. ముందు సీటే జరుపుతారు," అన్నాను.

"మరింకేం," అన్నారాయన.

సంచి తెరిస్తే పిజ్జా ఒక మూలకు ముద్దయిపోయింది. ఇంకోటి తెస్తానన్నా వినలేదు. పొట్టలోకి వెళ్ళాక ఎలాగూ గుండ్రంగా ఉండదు కదా అని నవ్వి, పెట్టె పట్టుకుని మంచులోకి వెళ్ళిపోయారు.

నేను ఇంజను ఆపి కూర్చున్నాను. కింద మ్యాటు మీద మీ నాన్న మడమలు ఆనిన చోట అరిగిన గుంటలు రెండున్నాయి. వాటి మీద నా మడమలు పెట్టి చూసుకున్నాను. తర్వాత సీటు కింద చెయ్యి పెట్టి మీట లాగాను. ఎంత జరిపానో గుర్తుపెట్టుకుందామనుకున్నాను కానీ ఏడుపులో అదీ కుదరలేదు. సీటు ముందుకు వచ్చేసింది. నా రెండు పాదాలూ నిండుగా ఆనాయి. బానెట్టు కొస మొదటిసారి కనబడింది. ఇన్నాళ్ళూ ఆయన ఒళ్ళో కూర్చుని నడిపినట్టున్నాను. ఆ సాయంత్రం దిగి, నా చోట కూర్చున్నాను. ఇంటికి వచ్చే దారంతా ఏడుస్తూనే ఉన్నాను కానీ, బండి మాత్రం బాగా నడిపాను.

కోపం వస్తే కోప్పడు, పడతాను. ఒక్క సంగతి మాత్రం నిన్న బీరువా సర్దుతుంటే తోచింది. ఉతికిన బట్టలు మడిచేటప్పుడు నీ ప్యాంట్లేవో, మీ నాన్నవేవో తెలియక నేను తికమకపడేదాన్ని. ఆయనవి నీకు, నీవి ఆయనకు, కొలిచి కుట్టినట్టు సరిపోయేవి. సెలవు దొరికి వచ్చినప్పుడు తాళం నీ చేతికిస్తాను. ఎక్కి, సీటును నీ కాళ్ళు చాలినంత వెనక్కి జరుపుకో. అది ఎక్కడ ఆగితే అదే మీ నాన్న చోటు.

ఇట్లు,
నిన్ను తలుచుకుంటూ,
మీ అమ్మ