ఫ్రిజ్ మీద ఐదు

మంగళవారం, ఇపో, మలేషియా

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా పెద్దమ్మాయికి పరీక్షల్లో ఐదు ‘ఏ’ గ్రేడులు వచ్చినప్పుడు ఇక్కడి యూనివర్సిటీ ఇంటర్వ్యూ కూడా లేకుండా నేరుగా సీటిచ్చింది. ఆ రోజే ఒక కాగితం మీద పెద్దగా ‘5’ అని రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మిగతా ఇద్దరికీ అదే గురి అన్నాను.

రెండోది, లీల, అందుకుంది. సరిగ్గా ఐదు. ఇవాళ దాన్ని వెంటబెట్టుకుని అడ్మిషన్ ఆఫీసుకు వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి తమిళంలో మెల్లగా చెప్పింది. నేరుగా సీటు కావాలంటే ఈ ఏడాది ఏడు ఉండాలట. ఐదుంటే అప్లై చేసి అందరితోపాటు ఎదురుచూడాలట.

బస్సులో నాకు లీల లెక్కల ట్యూషన్ గుర్తొచ్చింది. పోయినేడు మానిపించింది నేనే. “ఐదు వచ్చేస్తాయి కదే, ఇంకెందుకీ రొష్టు” అన్నాను. “నాకిష్టమే అమ్మా, ఎల్తాను” అని అది రెండుసార్లు అడిగింది. దాని మంచికే అనుకున్నాను.

అర్హత పెంచేవాళ్లు మా ఫ్రిజ్ చూసి పెంచరు కదా. ఏడాదికోసారి వెళ్లి అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఇంటికొచ్చాక లీల పెన్ను తెచ్చి ఆ ఐదుని అడ్డంగా కొట్టేసింది. గొంతులో కోపం లేదు.

“సెల్లికి ఎన్ని రాయాలమ్మా?”

చెల్లి పరీక్షకు ఇంకా రెండేళ్లుంది. పెన్ను నా చేతికిచ్చి నిలబడింది. నేనేమీ రాయలేదు.

ఆ పెన్నుతోనే ఇది రాస్తున్నాను.