నాలుగో జ్వరం

చాకవేలు
ఆదివారం

చిరంజీవి నేత్రకు అమ్మ ఎన్నో దీవెనలతో రాసేది.

ఇక్కడ నేనూ మీ నాయనా కడుపునిండా తింటున్నాము, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. పూణేలో నువ్వూ అట్లే ఉన్నావని అనుకొని మొదలుపెట్టాను. నాకు వచ్చింది అయిదో తరగతి తెలుగు. తప్పులుంటే దిద్దుకొని చదువుకో. ఫోనులో చెబుదామంటే నీ తమ్ముడు లోకేశ్ పేరెత్తగానే "డ్యూటీ ఉందమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని పక్కన పెట్టేసినా మళ్ళీ తీసి చదవొచ్చు కదా.

నీ ఉత్తరంలో నువ్వు అడిగినవన్నీ చెబుతాను. నా మోకాలు పరవాలేదు, నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటున్నాను. మీ నాయన బీపీ మాత్ర మరవకుండా మింగుతున్నాడు. మరిచినా మింగానంటాడు, అందుకే డబ్బా నా దగ్గరే పెట్టుకున్నాను. బోరులో నీళ్ళు మల్బరీ ఆకుతోటకు సరిపోతున్నాయి. పట్టుపురుగులు చర్మం మార్చుకునే ముందు ఆకు మానేసి, తలెత్తి కదలకుండా ఉండేదాన్ని మన దగ్గర జ్వరం అంటారని చెబితే, నీ గదిలో ఉండే రూప నవ్విందని రాశావు. "పురుగుకు థర్మామీటరు ఎక్కడ పెడతారు?" అని అడిగిందా! నవ్వనీలే. మొదటి జ్వరం, రెండో జ్వరం అనీ, మళ్ళీ ఆకు ముట్టుకుంటే జ్వరం లేచాయనీ అంటుంటే బయటివాళ్ళకు వింతగానే ఉంటుంది.

ఉత్తరం చివర ఒక మాట అడిగావు. ఆ రోజు తమ్ముడు ఫోను చేస్తే కట్ చేశానమ్మా, నర్సునై ఉండి వాడి జ్వరం కనుక్కోలేకపోయాను, ఎత్తి ఉంటే బతికేవాడా, ఏ మొహం పెట్టుకొని ఇంటికి వచ్చేది అని. దానికి జవాబు చివర్న రాస్తాను. ముందు సముద్రం సంగతి చెప్పాలి.

పురుగులు మేపే ఇంటివాళ్ళు పండగైనా పురుగులనడిగి చేసుకోవాలి. లోకేశ్ ఎన్నిసార్లు "సముద్రం చూపిస్తానమ్మా" అన్నాడో. ఎప్పుడూ ఒక పంట అడ్డం వచ్చేది. వాడు పోయిన ఈ పదమూడు నెలల్లో మేము పురుగుల ఇంటి తలుపే తీయలేదు. పురుగులు గూడు కట్టే చంద్రికలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. అది చూసి చూసి మీ చిన్నాయన పురుషోత్తమ్ ఒక దినం బండి తెచ్చి వాకిట్లో నిలిపాడు. "ఇప్పుడు మీకు అడ్డమేముండాది వదినా? లెయ్యండి" అని మమ్మల్ని గోకర్ణానికి తీసుకుపోయాడు. నిన్నూ రమ్మన్నాడు. నువ్వు సెలవు లేదన్నావు. సెలవు లేక కాదని నాకు తెలుసు.

మూడు దినాలున్నాము. మొదటి దినమే మీ నాయన మోకాళ్ళ దాకా దిగి, అరచేత్తో నీళ్ళు తీసి నాలిక మీద వేసుకొని ఉమ్మేశాడు.

"థూ! ఇన్ని నీళ్ళుండాయి, ఒక్క ఆకుచెట్టుకు గూడా పనికిరావే!"

"బోరు ఎయ్యకుండానే వచ్చినాయి కదన్నా, రుచి గూడా అడగతాండావా?" అన్నాడు మీ చిన్నాయన.

పదమూడు నెలల తరువాత మీ నాయన నవ్వింది అప్పుడే. నేను మాత్రం గట్టు మీదే కూర్చున్నాను. వాడు చూపించాల్సిన సముద్రం వాడు లేకుండా తాకడానికి నాకు కాళ్ళు రాలేదు.

చివరి దినం పొద్దున మీ చిన్నాయన సామాన్లు బండికెత్తుతున్నాడు. మీ నాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "పోతాండాము గదా చౌడీ, ఒక్కసారన్నా కాలు తడుపుకో" అని తీసుకుపోయాడు.

తడి ఇసుకలో నిలబడ్డాము. అల వచ్చేటప్పుడు పెద్ద హోరు. అది కాదు నేత్రా నేను చెప్పేది. అల వెనక్కి పోయేటప్పుడు నురగ ఇసుకలో ఇంకిపోతూ సరసరమని ఒక సన్న చప్పుడు చేస్తుంది. ఎక్కడో విన్న చప్పుడే అనుకుంటూ ఉన్నాను. మీ నాయనే అన్నాడు.

"నాలుగో జ్వరం లేసినాక పురుగులు ఆకు తింటాండే చప్పుడు గదా ఇది?"

అవును. తట్టలన్నిట్లో పురుగులు ఒక్కసారిగా ఆకు మేస్తే ఇల్లంతా వినిపిస్తుందే, అదే. నేను అక్కడే నీళ్ళలో కూలబడి ఏడ్చాను. ఎవరికీ చెప్పని మాట అక్కడ బయటికి వచ్చింది. మీ నాయనకు చెప్పిందే నీకూ రాస్తున్నాను.

ఆ మంగళవారం నీకు చేసే ముందు లోకేశ్ నాకు ఫోను చేశాడు. నేను పురుగుల ఇంట్లో ఉన్నాను. మన పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. బెంగుళూరు నుంచి ఎప్పుడు ఫోను చేసినా వాడు ముందు పురుగుల సంగతే అడిగేవాడు, నీకు తెలుసు.

"అమ్మా, జ్వరం. రెండు దినాలాయ, లెయ్యలే" అన్నాడు.

పురుగులనే అడుగుతున్నాడు అనుకున్నాను తల్లీ.

"లేస్తాయిలేప్పా. కదిలించకుండా వదిలేస్తే వాటంతట అవే లేస్తాయి" అన్నాను.

వాడు నవ్వాడు. "సరేమా. నేను గూడా కదలకుండా పండుకుంటా, లేస్తాలే" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడని నేనూ నవ్వి పెట్టేశాను. శుక్రవారం వాడి స్నేహితుడు దేవరాజ్ ఆసుపత్రి నుంచి "డెంగీ అంట" అని చెప్పినప్పుడు గాని ఆ జ్వరం ఎవరిదో నాకు తెలియలేదు. శనివారానికి వాడు లేడు.

నువ్వు ఫోను ఎత్తలేదు. నేను ఎత్తాను. ఎత్తి కూడా వినలేదు. నీ మీద నాకు కోపం ఎట్లా ఉంటుంది? తప్పంతా నీదేనని నువ్వు కుమిలిపోతుంటే చూస్తూ, నాది చెప్పకుండా ఊరుకున్నాను చూడు, దానికి నువ్వే నన్ను మన్నించాలి.

మీ నాయన నా పక్కనే అలల్లో కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"నవ్వినాడా వాడు?" అన్నాడు.

"నవ్వినాడు."

"బాగా నవ్వినాడా?"

"ఎప్పుడూ నవ్వేటట్లే."

"ఆ నవ్వు ఇన్ని దినాలు నువ్వొక్కదానివే పెట్టుకుంటివా? నాకు చెప్పొద్దూ?"

ఆ నవ్వు ఎట్లుండిందో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. చీర నడుము దాకా తడిసింది. మీ చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. "మూడు దినాలు దిగకుండా ఇప్పుడు మునుగుతివా వదినా? సీటంతా ఉప్పు చేస్తావు!" అని ఒకటే గోల.

ఇంటికి వచ్చిన మరుసటి దినం మీ నాయన పురుగుల ఇంటి తలుపు తీశాడు. కడిగి సున్నం కొట్టాడు. పిల్ల పురుగులు పెంచి అమ్మేవాళ్ళకు మనకు కావాలని చెప్పి వచ్చాడు. రెండు జ్వరాలు లేచినవి వచ్చే బేస్తవారం తెస్తారు. ఆ తరువాత తొమ్మిది పది దినాలకు నాలుగో జ్వరం లేస్తాయి. అప్పుడు ఎంత ఆకు వేసినా చాలదు, మా నాలుగు చేతులూ చాలవు. ఆ దినానికి వచ్చెయ్. తలుపు దగ్గర నిలబడి విను, నువ్వు చూడని సముద్రం మన ఇంట్లోనే వినిపిస్తుంది.

ఇంకొక మాట. నిన్న మీ నాయన తట్టలు తుడుస్తూ "మూడో జ్వరం పై ఆదివారం వస్తాదేమో" అన్నాడు. "ఎవరికి?" అన్నాను గబుక్కున. ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాము. తరువాత నవ్వుకున్నాము. ఇకమీదట ఎవరు జ్వరమన్నా నేను ముందు అడిగేది అదే. నీకు ఒళ్ళు వెచ్చబడినా, ఊరికే దిగులైనా ఫోను చెయ్యి. ఎవరికి అని అడుగుతాను. నాకమ్మా అని చెప్పు. వింటాను.

ఇట్లు,
నువ్వు వచ్చే దినానికి ఆకు కోసి ఉంచే
మీ అమ్మ
చౌడమ్మ