వేడి బాయిలర్‌లో చన్నీళ్లు

ఫర్వానియా,
జనవరి 18.

చిరంజీవి రాజాకు,

మీ నాన్న ఆశీస్సులు. నా ఒంటికేం ఢోకా లేదు. మీ అమ్మా, చెల్లీ, నువ్వూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చెప్పింది, సంతోషం.

"ఎడారిలో హీటర్లెందుకు నాన్నా?" అని అడిగావు. పాలిటెక్నిక్‌లో ఏం చెబుతున్నార్రా మీకు? జనవరిలో ఇక్కడ పళ్లు కొట్టుకుంటాయి. రుమైథియాలో నేను మరమ్మతులు చూసే విల్లాలో గదిగదికీ వేడినీళ్ల గొట్టాలు, కింద పోత ఇనుము బాయిలర్. నీళ్లు తగ్గి కాలిపోతున్న బాయిలర్‌లోకి చన్నీళ్లు వదిలితే ఇనుము ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది. మంట ఆర్పాలి, చెయ్యి ఆనించగలిగేదాకా చల్లారనివ్వాలి, ఆపైన సన్నధారగా నింపాలి. ఇంతే శాస్త్రం. వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్లు సలసల కాగుతాయి కనుక, ఆ ఇంటి దొరగారి లెక్కలో అవి జనవరిలోనూ వేడినీళ్లే!

పోయిన బుధవారం బాయిలర్‌లో నీళ్లు అలాగే తగ్గిపోతే, రెండు గంటలు ఆగమన్నాను. "యల్లా, యల్లా! అతిథులొచ్చేస్తున్నారు. నీళ్లకి భయపడే మెకానిక్‌వా?" అన్నాడు దొర. ఆయన బుర్రకంటే ఆ ఇనుమే నయం, పగిలేటప్పుడు చప్పుడైనా చేసింది.

తను తొందరపెట్టిన సంగతి దొర దాచేశాడు. మరి నేరం ఎవరిమీద పడింది? నేల తుడవడానికి అక్కడికొచ్చిన వెంకటేశ్వరి మీద. కడప మనిషి, ఆ ఇంట్లో పనిమనిషి. "నేను ముట్టుకోలేదు మామా" అని ఏడ్చింది, ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఇంటావిడ వింటేగా! రెండ్రోజుల్లో ఊరికి పంపేస్తానంది. మా గదిలో వెంకటసత్యనారాయణకి చెబితే, "ఆవిడ మన జిల్లా మనిషి కాదు కదండీ, మీకెందుకండీ?" అన్నాడు. ఛీ కొట్టాను.

ఆ హక్కు నాకుందా? చన్నీళ్ల వాల్వు తిప్పిందెవరో ఇంతవరకూ రాయలేదు. నేనేరా. దొర గదమాయిస్తే మంటైనా ఆర్పకుండా పూర్తిగా తిప్పేశాను. ప్రతి శుక్రవారం కార్మికుల ఐక్యత అంటూ గొంతు చించుకునే మీ నాన్న, ఆమె ఏడుస్తుంటే పానా తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, పోతుందని.

మర్నాడు వెళ్లి నిజం చెప్పాను. ఆమెను ఉంచారు, నన్ను ఖలాస్ అన్నారు. గేటు దగ్గర వెంకటేశ్వరి అడ్డం నిలబడింది.

"నిన్న యాడ పెట్టుకోనుంటివన్నా ఈ మాట?"

పానాల సంచి భుజానేసుకుని పక్కనుంచి బయటకొచ్చాను.

వచ్చే నెల మొదటి గురువారం ఇంటికొస్తున్నాను. పని పోయిందని, ఎందుకు పోయిందో కూడా అమ్మకు నువ్వే చెప్పు. నిజం దాచిన ఆ ఒక్కరోజు సంగతి మాత్రం నేనొచ్చి చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న
భీమేశ్వరరావు