పాత పైథాన్‌ను ఆపేసిన వాళ్ళు

మంగళవారం, ప్రొద్దుటూరు

పొద్దున జమ్మలమడుగు పోయి మస్తాన్ ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చు పేజీలు కూర్చే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించబోయాను. శుభలేఖల అంచులు పక్కకు జరిగి అచ్చవుతున్నాయని అతను చెబితే సరిచేసింది నేనే. అదే వెర్షన్‌లో పాత పైథాన్‌కు, అంటే మా సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ భాష పాత రూపానికి, సపోర్ట్ తీసేసిందీ నేనే. జీతం లేకుండా నలుగురం రాసే ఓపెన్‌సోర్స్ పని, పాతవన్నీ ఎంతకాలం మోస్తామని వాదించి, "దాన్ని ఇప్పుడెవరూ వాడటం లేదు" అని ప్రకటన కూడా రాశాను. అప్పుడు మస్తాన్ గుర్తుకే రాలేదు.

అతని కంప్యూటర్‌లో ఆ పాత పైథాన్ తప్ప మరొకటి ఎక్కదు. తెరంతా ఎర్ర అక్షరాలు.

"ఏందక్కా, నా మిషన్‌ను చూసి మొగం తిప్పుకుంటాంది?" అని నవ్వాడు.

"పాతదాన్ని వాళ్ళు ఆపేసినారు మస్తాన్," అన్నాను. వాళ్ళట! ఎంత సులువుగా వచ్చింది ఆ మాట.

"మొన్నటి కార్డులన్నీ పెండ్లోళ్ళు ఎనక్కిచ్చినారక్కా. శానా మాటలన్నారు. ఆ ఆపేసినోళ్ళకు నువ్వన్నా చెప్పు, మేం ఈడ ఇంకా ఉండామని."

"చెప్తాలే," అన్నాను. అతను తెప్పించిన టీ కూడా తాగి వచ్చాను.

ఆ అంచుల సవరణను పాత పైథాన్‌తో నడిచే మా పాత వెర్షన్‌లోనూ చేర్చడం నాకు రెండు పూటల పని. ఎవరి కోసమని మిగతా ముగ్గురూ అడుగుతారు. అప్పుడు మస్తాన్ సంగతి చెప్పాలి. ఎవరూ లేరని రాసింది నువ్వే కదా అని వాళ్ళంటే...

ప్రకటన తెరిచి పెట్టుకున్నాను. "ఎవరూ" అన్న మాట దగ్గరే ఇంకా కూర్చున్నాను.