నలభయ్యో రోజుకి ముందే అందాలి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు కాపుదల నీమీదా, నీతోపాటు ఆ చెక్కగదిలో పడుకునే ఏడుగురిమీదా ఉండాలని వేడుకుంటూ అన్నయ్య రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమమే. మీ వదిన కుడిచేతికి కట్టు ఉంది. మచ్చ మిగులుతుందని డాక్టరు అన్నాడు గానీ వేళ్ళు కదులుతున్నాయి. కంగారుపడకు, ఆ సంగతి కింద రాస్తాను. ముందు ఒక్క పని చెయ్యి. ఈ కాగితం పక్కన పెట్టి, నేను బిగించి పంపిన కంప్యూటరుకి గోడ దగ్గర స్విచ్ ఆపేసి రా. తక్కినది తర్వాత చదువు.

ఆపావా? ఆపి ఉండవు. చిన్నప్పటినుంచీ అన్నయ్య ఎడ్డెమంటే నువ్వు తెడ్డెమే కదా.

నీ ఉత్తరం అందింది. సొరంగం పని సగం దాటిందని రాశావు, సంతోషం. మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయలేదు. ఫ్యాన్ల మీద నేను చేసిన ప్రసంగం సామాను లారీ డ్రైవరు నోట శిబిరం దాకా వచ్చిందట. వాడికి డప్పు అని పేరు ఊరికే పెట్టారా! "ఫ్యాన్లు లెక్కపెట్టి అంత్యదినాలు చెబుతున్నావా అన్నయ్యా? మరి మీ ప్రార్థనగది కప్పుకి ఐదు తిరుగుతున్నాయి, వాటి సంగతేంటి?" అని వెక్కిరించావు. మీ వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రసంగంలో చాలామటుకు నేను నమ్మే చెప్పాను.

నీకు పదేళ్ళప్పుడు నేను బిగించిన మొదటి గ్రాఫిక్స్ కార్డు గుర్తుందా? అరచేతిలో ఇమిడేది. ఫ్యానే లేదు. ఆట నడుస్తుండగా వేలు ఆనిస్తే కోడిపిల్ల ఒంటిలా గోరువెచ్చగా ఉండేది. ఆటలో నీళ్ళంటే నీలం చారలు, మనిషి మొహమంటే నాలుగు పలకలు. రెండోదానికి అగ్గిపెట్టెంత ఫ్యాను వచ్చింది. అప్పటిదాకా మదర్‌బోర్డు ఇచ్చిన కరెంటు తిని ఊరుకునేది కాస్తా, మూడోసారికి నాకు వేరే కంచం కావాలంది. పవర్ పెట్టె నుంచి విడిగా ఒక తీగె లాగాం. పిమ్మట రెండు తీగెలు, రెండు ఫ్యాన్లు. ఆకుల నీడలు కదిలాయి, మొహాలకి చెమట పట్టింది. ఇప్పుడు నువ్వు మనసుపడి కొనుక్కున్నది మూడు ఫ్యాన్లది. ఇటుకంత బరువు. తన బరువుకి తనే వంగిపోతుంటే కింద ఊత పెట్టి మరీ బిగించాను. తెర మీద గుంటలో నిలిచిన నీళ్ళలో ఆకాశం కనబడుతుంది. వెలుగు ఎక్కడ తగిలి ఎటు మళ్ళుతుందో ఒక్కో కిరణాన్నీ అదే లెక్కకడుతుంది.

దాన్ని చూసి నాకు ఒళ్ళు మండింది. "వెలుగుని నోటిమాటతో పుట్టించినవాడు ఒక్కడే! ఈ ఇటుక ఎవరు పుట్టించడానికి?" అని వేదిక మీద గర్జించాను. గ్రంథం తెరిచి, కొమ్ము వెనక కొమ్ము మొలిచే మృగాన్ని చూపించాను. నలభై రోజుల్లో నా తమ్ముడి గదిలో ఆ యంత్రం మూగబోతుందనీ, ఇది నా మాట కాదనీ చెప్పాను. సంఘమంతా ఆమేన్ అంది.

ఆట ఆడటం పాపమా అని అడిగావు. "పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చీకట్లో రాయి కొట్టి వచ్చేవాళ్ళం అన్నయ్యా. ఎనిమిదిమందిమీ ఒకే తెర ముందు కూర్చుని ఒక చెరువూ, దానిమీద ఎండా చూసుకుంటాం. ఆడేది ఒకడే, తక్కినవాళ్ళం ఊరికే చూస్తాం." ఈ నాలుగు ముక్కలు ఎన్నిసార్లు చదివానో. గ్రంథం ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. నిన్ను తిట్టడానికి ఒక్క వచనమూ చేతికి రాలేదు.

ఉత్తరం చివర రాసిన రెండు సంగతులు నా గుండె మీద కూర్చున్నాయి. ఒకటి, పెట్టెలోంచి తియ్యటి కమురువాసన వస్తోందన్నావు. రెండోది, నలభయ్యో రోజు మీకు సెలవనీ, పొద్దున్నే అన్నిటికంటే బరువైన ఆట పెట్టి, మీరు నిద్రపోయాకా ఆపకుండా వదిలేసి, నా మాట నిలుస్తుందో లేదో తేలుస్తామన్నావు. నా లెక్క ప్రకారం ఇవాళ ముప్పై ఎనిమిదో రోజు.

మీ శిబిరం ఆఫీసుకి ఫోను చేశాను. వైర్‌లెస్‌లో కబురు పంపమన్నాను.

"ఏమని చెప్పమంటారు బోధకుడుగారూ?" అన్నాడు గుమాస్తా.

"మా తమ్ముణ్ణి కంప్యూటరు ఆపెయ్యమని."

అవతల నవ్వు. "ఎల్లుండే కదండీ నలభయ్యో రోజు! మీరే ఆపించేసి మూగబోయిందంటే ఎలాగండీ? ఆటలో తొండి కదూ అది! మీ తమ్ముడు ఊరుకుంటాడా?"

వాడికి అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. ఫోను పెట్టేసి, ఒక గంట గడిచాక సిగ్గు చంపుకుని మళ్ళీ చేశాను. ఎత్తేవాళ్ళు లేరు. సెలవులకి ఆఫీసు మూసేశారని డప్పు చెప్పాడు. ఆ గంట నాదేరా తమ్ముడూ. దానికి నేను జవాబు చెప్పుకోవాలి.

ఆపమంటే నువ్వు ఆపవు. ఎందుకు ఆపాలో చెబితేనే ఆపుతావు. కాబట్టి విను.

నీ పాత పవర్ పెట్టెకి ఈ కొత్త కార్డు ప్లగ్గు కుదరదు. మధ్యలో అతుకుతీగె ఒకటి కావాలి. అది నేనే చేశాను. కార్డుకి కరెంటు మోయాల్సిన తీగెలు అందులో ఆరు. పైన నల్లటి తొడుగు వేశాను. ఆ తొడుగు కింద నాలుగింటిని కత్తెరతో కోశాను. ఆరు మోసే బరువు రెండిటి మీద పడుతుంది. ఎంత కావాలంటే అంత లాక్కోమని కార్డుకి చెప్పే చిన్న పిన్నులుంటాయి, వాటినీ అబద్ధం చెప్పేలా కలిపాను. ప్లగ్గు మెల్లగా కమిలి, ఒకరోజు తెర ఆరిపోతుంది. నువ్వు దేవుడి వేలు అనుకుంటావు. మునుపటిలా నా పక్కన నిలబడి వీధి మొగలో దేవుడి పాటెత్తుతావు. అదీ నా ఎత్తు.

అలాంటివి మూడు చేశాను. ఒకటి మన కంప్యూటరు రిపేరు షాపులో పరీక్షించాను. ముప్పై ఆరో రోజున చప్పుడు లేకుండా చచ్చింది. నలభై అని నేను ప్రవచించింది ఆ లెక్క చూసుకునే. రెండోది నీకు పంపాను. మూడోది మేకుకి తగిలించి మరిచిపోయాను.

మీ వదినకి ఇవేం తెలుసు? ఎవరిదో యంత్రం రిపేరుకి వస్తే, మేకుకున్న తీగె తీసి తగిలించింది. ఐదో రోజున, అంటే ఇవాళ మధ్యాహ్నం, అది చప్పుడు లేకుండా చావలేదు. ప్లగ్గు కరిగి బొట్లుబొట్లుగా కారింది, పెట్టె పక్కనుంచి మంట లేచి పరదా అంటుకుంది. ఆమె ఆ పరదాని చేత్తో లాగి తొక్కింది.

చేతికి కట్టు కట్టించుకొచ్చాక, ఎడంచేత్తో ఆ తొడుగు చీల్చి చూసింది.

"ఏవండీ, ఇవి తెగినవి కావు. కోసినవి."

నేను బల్ల మీది కత్తెరని సొరుగులోకి తోశాను.

"ఎన్ని చేశారు?"

"మూడు."

"ఒకటి చచ్చింది. ఒకటి ఇది. ఇంకోటేదీ?"

అడుగుతూనే ఆమెకి అర్థమైపోయింది. ఆ మొహం నువ్వు చూడాల్సిన అవసరం రాకూడదు.

చెప్పింది జరక్కపోతే ఆ ప్రవక్తకి భయపడనక్కర్లేదని వాక్యం ఉంది. చెప్పింది జరిగేలా చాటున తానే కత్తెర పట్టినవాణ్ణి ఏం చెయ్యాలో వెతుకుతున్నాను. ఈ వారం సంఘం ముందు నిలబడి, ఇక్కడ రాసిందంతా చెబుతాను. ఆ తర్వాత వేదిక ఎవరిదో వాళ్ళు చూసుకుంటారు.

డప్పు లారీ బయట ఆగి ఉంది. ఈ ఉత్తరం నువ్వు సిగ్గుపడి దాచుకుంటావేమోనని, నడివీధిలో పదిమంది వినేలా వాడికి అంతా చెప్పేశాను. "వాడు ఆపకపోతే నువ్వే ఆపు. ఎనిమిదిమందికీ చెప్పు. మా అన్న దొంగప్రవక్త అని అరిచి చెప్పు" అన్నాను. జన్మలో మొదటిసారి వాడు వీధిలో ఆగి కబుర్లు పెట్టకుండా లారీ ఎక్కాడు. తలుపు వేసుకుంటూ, "కొండ దారి బాగుంటే రేపు సాయంత్రానికి దిగుతానయ్యా. వాన పడితే ఎల్లుండి" అన్నాడు. ఇప్పుడు చినుకులు మొదలయ్యాయి.

స్విచ్ ఆపాక గంటసేపు ప్లగ్గు ముట్టుకోకు. కరిగి అతుక్కుని ఉంటే లాగకు. పెట్టె మొత్తాన్ని గదిలోంచి బయటికి మోసుకెళ్ళండి. చెరువు చూడకుండా ఉండలేమంటే, మంచి తీగె నేనే తెచ్చి నా చేత్తో బిగించి ఇస్తాను. బిగించనిస్తే.

లారీ కదిలింది. కిటికీలోంచి అందిస్తాను.

ఇట్లు,
ఏ ప్రవక్తా కాని
నీ అన్నయ్య